పట్టా లేని పొలం ఎవరిది?



ఒక పొలాన్ని చూపించి "ఇది నాది" అని చెప్పడానికి మనిషికి ఏం కావాలి? మన ఊళ్లలో ఎవరినడిగినా పట్టా ఉండాలి, పాసుపుస్తకం ఉండాలి అంటారు. నిజమే. మరి ఆ కాగితాలు పుట్టకముందు, తాత ముత్తాతల నాటి నుండి అదే నేలను సాగు చేసుకుంటూ వచ్చిన కుటుంబానికి ఆ నేల మీద హక్కు లేదా? కాగితం హక్కును పుట్టిస్తుందా, లేక అంతకుముందే ఉన్న హక్కుకు సాక్ష్యం మాత్రమే చెబుతుందా? పంచాంగం పోయినంత మాత్రాన నక్షత్రాలు పోతాయా అని మన పెద్దలు అంటారు గదా!

సుమారు 500 సంవత్సరాల క్రితం ఈ ప్రశ్న ఒక ఖండమంతటికీ ఎదురయింది. స్పెయిన్ దేశస్థులు అమెరికా ఖండంలో అడుగుపెట్టినప్పుడు అక్కడి ఆదివాసులకు తమ నేల మీద యాజమాన్యం ఉందా లేదా అనే వాదం చెలరేగింది. ఆ వాదంలో మన శ్రీసభ కూడా ఉంది. ఒక పక్షాన మాత్రమే కాదు, రెండు పక్షాలా ఉంది. అందుకే ఈ చరిత్ర మనకు పరాయిది కాదు. దాన్ని తెలుసుకోవడం మన అంతరాత్మకు అవసరం.

సముద్రం దాటి వచ్చిన కాగితం

1492లో కొలంబస్ కరీబియన్ దీవులను చేరాడు. మరుసటి ఏడు, 1493 మే 4న, ఆరవ అలెగ్జాండర్ పోపు ఒక అధికార పత్రం జారీ చేశారు. పడమటి సముద్రంలో కనుగొన్న, కనుగొనబోయే భూములను వేదవ్యాపకం నిమిత్తం స్పెయిన్ రాజదంపతులకు అప్పగిస్తున్నట్లు అందులో ఉంది. రాజు పక్షాన ఉన్న న్యాయవేత్తలు దీన్ని దానపత్రంలా చదువుకున్నారు. ఇచ్చినవారు ఆ నేలను ఎన్నడూ చూడలేదు. ఆ నేల మీద బతుకుతున్నవారిని ఎవరూ అడగలేదు.

1513లో రాజాస్థాన న్యాయవేత్త పలాసియోస్ రూబియోస్ ఒక ప్రకటన రాసి ఇచ్చాడు. దండెత్తే ప్రతి సైన్యం దాన్ని ముందుగా ఆదివాసులకు చదివి వినిపించాలి. దేవుడు లోకాన్ని సృష్టించాడు. పేతురు వారసుడైన పోపు ఈ దేశాలను స్పెయిన్ రాజుకు ఇచ్చారు. మీరు లోబడితే సరి. లోబడకపోతే మీ మీద యుద్ధం చేస్తాం, మిమ్మల్ని, మీ ఆలుబిడ్డలను బానిసలుగా పట్టుకుపోతాం, ఆ తప్పు మీదే - ఇదీ దాని సారాంశం. వినేవారికి ఆ భాష రాదు. కొన్నిసార్లు ఖాళీ గుడిసెల ముందు, చెట్ల ముందు చదివి, చదివామని నోటరీ చేత సంతకం చేయించుకున్నారు. మన దగ్గర అక్షరం రానివాళ్ల చేత వేలిముద్ర వేయించుకున్న కాగితాల కథలు తెలిసినవారికి ఇది వింతగా తోచదు. అర్థం కాని మాటకు జవాబు చెప్పలేకపోవడమే నేరమైంది. మౌనమే తిరస్కారమైంది.

ఒక ఆదివారం, ఒక ప్రసంగం

అయితే ఈ ప్రకటనకు రెండేళ్ల ముందే ఒక స్వరం లేచింది. 1511 డిసెంబరు 21, ఆగమన కాలపు నాలుగవ ఆదివారం. హిస్పానియోలా దీవిలోని సాంటో డొమింగోలో అంతోనియో దె మోంటెసినోస్ అనే డొమినికన్ గురువు ప్రసంగ పీఠం ఎక్కాడు. ఎడారిలో ఎలుగెత్తిన స్నాపక యోహానును గూర్చి మాట్లాడుతూ, ఎదురుగా కూర్చున్న స్పెయిన్ దొరలను నిలదీశాడు. ఈ ప్రజలు మనుషులు కారా, వీరికి ఆత్మ లేదా, ఏ న్యాయం ప్రకారం వీరిని ఇంత ఘోరంగా హింసిస్తున్నారని అడిగాడు. ఈ స్థితిలో మీకు రక్షణ లేదని ముఖం మీదే చెప్పాడు.

ఆ ప్రసంగం ఒక్కడి ఆవేశం కాదు. పెద్దయైన పేద్రో దె కోర్దోబాతో సహా మఠంలోని గురువులందరూ కలిసి ఆలోచించి, రాసి, సంతకాలు చేసిన ప్రసంగం అది. గవర్నరు డియెగో కొలంబస్ ప్రముఖులతో కలిసి మఠానికి వచ్చి, వచ్చే ఆదివారం మాట వెనక్కు తీసుకోవాలని పట్టుబట్టాడు. వచ్చే ఆదివారం గుడి కిటకిటలాడింది. మోంటెసినోస్ అదే మాటను మరింత గట్టిగా చెప్పాడు.

ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో ఉన్న బర్తొలోమె దె లాస్ కసాస్ గురువు కింద కూడా వెట్టి చేసే ఆదివాసులు ఉన్నారు. 1514లో క్యూబాలో పెంతెకోస్తు పండుగ ప్రసంగానికి సిద్ధమవుతూ ఆయన సీరా జ్ఞానగ్రంథం 34వ అధ్యాయం చదివాడు. పేదవాని సొమ్మును అపహరించి అర్పించే బలిని దేవుడు అంగీకరించడని అక్కడ ఉంది. ఆ మాట ఆయన గుండెల్లో దిగింది. తన కిందివారిని వదులుకున్నాడు. ఆ తరువాత అర్ధ శతాబ్దం వారి కోసమే పోరాడాడు. ఆయన కూడా తప్పు చేయనివాడు కాడు. ఆదివాసుల భారం తగ్గించడానికి ఆఫ్రికా నుండి బానిసలను తెప్పించమని మొదట్లో సలహా ఇచ్చాడు. తరువాత దానికి పశ్చాత్తాపపడ్డాడు. ఒకరి న్యాయం కోసం మరొకరి మీద అన్యాయం మోపకూడదనే పాఠం ఆయన జీవితంలోనే ఉంది.

వారికి భూమి చట్టం లేదా?

"వాళ్లు అడవి మనుషులు, వాళ్లకు నీది నాది అనే తెలివి లేదు" అన్నది దొరల వాదం. ఇది ఎంత అబద్ధమో మెక్సికో లోయ చూస్తే తెలుస్తుంది. నహువా ప్రజల పట్టణాల్లో పేటలు ఉండేవి. వాటిని కల్పుల్లి అనేవారు. సాగు భూమి పేట ఉమ్మడి పేరు మీద ఉండేది. ఒక్కొక్క కుటుంబం తన వంతు చెక్కను తరతరాలు అనుభవించేది. ప్రభువుల ఇళ్లకు వేరుగా, దేవాలయాలకు వేరుగా, రాజభవన ఖర్చులకు వేరుగా మాన్యాలు ఉండేవి. మెక్సికోలో న్యాయాధిపతిగా పనిచేసిన అలోన్సో దె సోరిటా వారి ఆచారాన్ని విచారించి రాశాడు. కారణం లేకుండా వరుసగా రెండేళ్లు బీడు పెట్టిన కుటుంబాన్ని హెచ్చరించి, అప్పటికీ సాగు చేయకపోతే ఆ చెక్కను పేటలో మరొకరికి ఇచ్చేవారట.

టెట్స్కోకో దగ్గర టెపెట్లావోస్టోక్ అనే ఊరు ఉంది. 1540 దశకంలో ఆ ఊరివారు తమ పొలాలను బొమ్మల లిపిలో రాసుకున్న పుస్తకాలు నేటికీ ఉన్నాయి. ఒక్కొక్క ఇంటి యజమాని, ఇంట్లోని మనుషులు, ఒక్కొక్క పొలం నాలుగు గట్ల కొలత, దాని విస్తీర్ణం, నేల ఏ రకమో తెలిపే గుర్తు - అన్నీ అందులో ఉన్నాయి. 2008లో పరిశోధకులు ఆ లెక్కలను సరిచూసి, విస్తీర్ణం కట్టడంలో వారి పద్ధతులు ఎంతో కచ్చితమైనవని చూపారు. మన కరణాల అడంగలుకు ఏ విధంగా తీసిపోయింది? ఆ ఊరివారే 1550 దశకంలో తమ మీద దొర మోపిన పన్నుల భారాన్ని బొమ్మలతో సహా రాజుకు ఫిర్యాదు చేశారు. కనుక వారి దగ్గర కాగితం లేకపోలేదు. వచ్చినవాడు చదవదలుచుకోని కాగితం అది.

సలమంకా తరగతి గదిలో

ఈ వాదాన్ని వేదశాస్త్ర పద్ధతిలో తేల్చినవాడు ఫ్రాన్సిస్కో దె విటోరియా. సలమంకా విశ్వవిద్యాలయంలో డొమినికన్ ఆచార్యుడు. 1539లో ఆయన చేసిన ఉపన్యాసం మొదటి ప్రశ్నే ఇది: స్పెయిన్‌వారు రాకముందు ఈ ప్రజలు తమ సొత్తుకు నిజమైన యజమానులా? కాదనడానికి లోకం చెప్పే నాలుగు కారణాలను ఆయన ఒక్కొక్కటిగా తీసుకున్నాడు.

మొదటిది, వారు పాపాత్ములు. పాపం వల్ల యాజమాన్యం పోదు అన్నాడు విటోరియా. పోయేటట్లయితే క్రైస్తవ రాజ్యాల్లో ఎందరు రాజులకు సింహాసనం మిగులుతుంది? దేవుడు మంచివారి మీద, చెడ్డవారి మీద ఒకే ఎండ కాయిస్తున్నాడు గదా.

రెండవది, వారు అవిశ్వాసులు. ఇక్కడ ఆయన పునీత తోమాస్ అక్వినాసు బోధను ఆధారం చేసుకున్నాడు. యాజమాన్యం మానవ స్వభావం నుండి, మానవ న్యాయం నుండి వస్తుంది. విశ్వాసం కృప నుండి వస్తుంది. కృప లేదన్న కారణంతో ప్రకృతి ఇచ్చిన హక్కు రద్దు కాదు.

మూడవది, నాలుగవది, వారు మతి లేనివారు, పసిపిల్లల వంటివారు. వారికి పట్టణాలున్నాయి, వివాహాలున్నాయి, న్యాయాధిపతులున్నారు, బజారులున్నాయి. తెలివి లేనివారికి ఇవన్నీ ఎక్కడివని అడిగాడు. పసిపిల్లవాడికి కూడా ఆస్తి ఉండవచ్చు. సంరక్షకుడు దాన్ని కాపాడాలేగాని మింగకూడదు.

"మేము కనుగొన్నాం" అనే వాదాన్ని ఆయన రెండు మాటల్లో తేల్చేశాడు. యజమాని లేని దాన్ని కనుగొన్నవాడు తీసుకోవచ్చు. ఈ నేలకు యజమానులున్నారు. వారు ఓడలెక్కి వచ్చి మనల్ని కనుగొని ఉంటే స్పెయిన్ వారిదయ్యేదా? పోపు లోకమంతటికీ లౌకిక ప్రభువు కాడు, చక్రవర్తి కూడా కాడు. తనది కాని దాన్ని ఎవరూ దానం చేయలేరు. ఈ చర్చలు చక్రవర్తి ఐదవ చార్లెస్‌కు రుచించలేదు. అదే ఏడు నవంబరులో, ఇటువంటి విషయాలు మాట్లాడవద్దని సలమంకా మఠ పెద్దకు ఉత్తరం రాశాడు.

అంతకు రెండేళ్ల ముందు, 1537 జూన్ 2న, మూడవ పౌలు పోపు ఈ సంగతినే శ్రీసభ పక్షాన ప్రకటించారు. ఆదివాసులు నిజమైన మనుషులు; క్రీస్తు విశ్వాసానికి వెలుపల ఉన్నా వారి స్వేచ్ఛను, వారి ఆస్తిని హరించకూడదు.

కష్టమైన ప్రశ్న

పాఠకులారా, ఇంతవరకు సులువు. ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న ఉంది. భూమి అందరి కోసం సృజింపబడిందని మన శ్రీసభ బోధిస్తుంది గదా. సొంత ఆస్తి అనేది మనుషులు మంచి నిర్వహణ కోసం చేసుకున్న ఏర్పాటు అని పునీత తోమాసు కూడా చెప్పాడు. అలాగైతే, విశాలమైన నేల ఉన్నవారి దగ్గరకు వచ్చి "భూమి అందరిదీ, మాకూ వాటా ఉంది" అనడం తప్పెలా అవుతుంది?

ఈ వాదంలో విటోరియా కూడా కొంత చిక్కుకున్నాడు. బాటసారిని ఆదరించడం ప్రకృతి న్యాయమని, కనుక స్పెయిన్‌వారికి అక్కడ తిరిగే, వర్తకం చేసే, వేదం బోధించే హక్కు ఉందని, దాన్ని బలవంతంగా అడ్డుకుంటే యుద్ధం కూడా న్యాయమేనని ఆయన ఒప్పుకున్నాడు. ముందు తలుపుకు తాళం వేసి, పెరటి తలుపు తీసిపెట్టినట్లయింది. అతిథి ఆకు ముందు కూర్చుంటాడు, ఇంటి దస్తావేజులు అడగడు. కత్తితో వచ్చినవాడికి అతిథి మర్యాద వర్తించదు.

భూమి అందరిదీ అనే సత్యం ఎవరిని ప్రశ్నించడానికి ఇవ్వబడింది? ఎక్కువ ఉన్నవాడిని ప్రశ్నించడానికి. ఆకలితో ఉన్నవాడి పక్షాన ధనవంతుడి గాదెను తట్టడానికి. బలవంతుడి చేతిలో బలహీనుడి గట్టు చెరిపే పలుగుగా దాన్ని వాడితే ఆ సత్యాన్ని తలకిందులు చేసినట్లే. వెండి గనులు వెతుక్కుంటూ వచ్చినవాడు ఆకలిగొన్న బాటసారి కాడు.

"వాళ్లు సరిగా వాడుకోవడం లేదు, మేము బాగా సాగు చేస్తాం" అనే మాట కూడా ఉంది. దున్నేవాడిదే భూమి అనుకుందాం. ఆ న్యాయం ప్రకారం ఆ నేల కల్పుల్లి రైతులదే అవుతుంది. బీడు పెడితే తిరిగి తీసుకునే నియమం వారిలోనూ ఉంది. కాని తిరిగి వెళ్లేది ఆ పేటకే, ఓడ దిగినవాడికి కాదు.

మరొక ఆక్షేపణ. అస్తెకులు కూడా ఇరుగుపొరుగు వారిని జయించినవారే గదా? నిజమే. వారితో ఉన్న శత్రుత్వం వల్లనే త్లష్కలా ప్రజలు స్పెయిన్‌వారితో చేతులు కలిపారు. అయితే రాజు దుర్మార్గుడైతే రైతు పొలం మూడవవాడికి ఎలా చెందుతుంది? దొంగను పట్టుకున్నవాడు సొమ్మును సొంతదారుకు ఇవ్వాలి, తన జేబులో వేసుకోకూడదు.

చట్టం ఉండగానే పోయిన నేల

విచారకరమైన సంగతి ఏమిటంటే, మంచి చట్టాలు ఉండగానే భూమి చేతులు మారింది. ఎన్కోమియెండా అనే ఏర్పాటు ప్రకారం దొరకు దక్కేది ఆదివాసుల కప్పమూ చాకిరీ మాత్రమే, భూమి కాదు. భూమికి వేరుగా రాజు పేరిట దానపత్రం కావాలి. మూడవవాడి హక్కుకు నష్టం కలగకూడదని ఆ పత్రాల్లో రాసి ఉండేది. అధికారి వచ్చి చూడాలి, చుట్టుపక్కల వారిని అడగాలి. తరచుగా ఆదివారం పూజకు వచ్చిన జనం ముందు ఆ సంగతి ప్రకటించేవారు. అభ్యంతరం ఉంటే చెప్పమనేవారు. దొర పక్కన నిలబడి ఉండగా ఎందరు చెప్పగలిగారో మీరే ఊహించండి. చెప్పినవారూ ఉన్నారు. నహువాలు రోమను అక్షరాలు నేర్చుకుని తమ భాషలోనే వీలునామాలు, అమ్మకపు పత్రాలు రాసుకున్నారు, కోర్టులకెక్కారు. కొన్ని వ్యాజ్యాలు గెలిచారు కూడా.

అయినా పశువుల మందలు మొక్కజొన్న చేలల్లో పడ్డాయి. 1520లో మశూచి, 1545లో, 1576లో మహామారులు వచ్చి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. శతాబ్దం ముగిసేసరికి జనంలో కొద్ది భాగమే మిగిలింది. మిగిలినవారిని కొత్త ఊళ్లకు తరలించి ఒకచోట చేర్చారు. వారు వదిలివచ్చిన పొలాలు బంజరు కింద లెక్కకొచ్చాయి. 1591లో రెండవ ఫిలిప్ రాజు మరో ఆజ్ఞ ఇచ్చాడు. పత్రాలు సరిగా లేకుండా భూమి అనుభవిస్తున్నవారు ఖజానాకు రుసుము చెల్లిస్తే పత్రాలు సరిచేయబడతాయి. రాజుకు యుద్ధ ఖర్చులకు డబ్బు కావాలి. ఆక్రమించినవాడికి పట్టా కావాలి. ఇద్దరి అవసరమూ తీరింది. చచ్చిపోయినవాడు అభ్యంతరం చెప్పడు గదా.

నాబోతు ద్రాక్షతోట గుర్తుందా? ఆహాబు రాజు ఆ తోటకు మంచి ధర ఇస్తానన్నాడు. పితరుల స్వాస్థ్యాన్ని అమ్మనన్నాడు నాబోతు. అప్పుడు యెసెబెలు ఏం చేసింది? రాజముద్రతో ఉత్తరాలు రాయించింది, సాక్షులను నిలబెట్టింది, పెద్దల సభ పెట్టించింది. అంతా చట్టప్రకారం జరిగింది, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. దేవుడు మాత్రం ఏలీయాను పంపి, చంపి స్వాధీనపరచుకున్నావా అని అడిగించాడు.

తిరిగి ఇవ్వనిదే క్షమాపణ ఉందా?

1545లో చియాపాస్ పీఠాధిపతిగా వచ్చిన లాస్ కసాస్ తన గురువులకు కఠినమైన నియమాలు పెట్టాడు. ఆదివాసుల నుండి అన్యాయంగా తీసుకున్నది తిరిగి ఇస్తానని ఒప్పుకుంటే తప్ప దొరలకు పాపసంకీర్తనంలో పాపవిమోచనం ఇవ్వకూడదు. ఊరంతా ఆయన మీద తిరగబడింది. కాని ఆయన చెప్పినది కొత్త బోధ కాదు. దొంగిలించిన వస్తువును ఇంట్లో ఉంచుకుని దొంగతనానికి పశ్చాత్తాపపడుతున్నానంటే దాన్ని పశ్చాత్తాపం అనలేం. జక్కయ్య కన్నీళ్లతో సరిపెట్టలేదు. నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు.

శ్రీసభ కూడా ఈ పరీక్షకు అతీతం కాదు. 2022లో పోపు ఫ్రాన్సిస్ కెనడా వెళ్లి ఆదివాసులను క్షమాపణ అడిగారు. 2023 మార్చి 30న వాటికన్‌లోని రెండు శాఖలు కలిసి ఒక ప్రకటన చేశాయి. 'కనుగొన్నవారిదే భూమి' అనే సిద్ధాంతం కతోలిక బోధ కాదని, ఆదివాసుల హక్కులను గుర్తించని భావాలను శ్రీసభ తోసిపుచ్చుతున్నదని చెప్పాయి. 15వ శతాబ్దపు ఆ పత్రాలు సమాన గౌరవాన్ని సరిగా ప్రతిబింబించలేదని కూడా ఒప్పుకున్నాయి. అప్పటికి 486 సంవత్సరాల ముందు మూడవ పౌలు పోపు చెప్పిన మాటనే అవి గుర్తుచేశాయి. మంచి మాట చెప్పడానికి, దానికి అడ్డుగా ఉన్న పాత కాగితాన్ని పక్కన పెట్టడానికి మధ్య ఇంతకాలం పట్టింది.

ఇదంతా దూరదేశపు కథ అని పక్కన పెట్టకండి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనుల భూమి చేతులు మారకుండా 1917లోనే మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో నిబంధనలు వచ్చాయి. వాటిని 1970లో సవరించారు. అదే మనం 1/70 అని పిలిచేది. అందులో ఒక సూత్రం గమనించదగినది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుండి వచ్చినదేనని, కాదని రుజువయ్యేవరకు భావించాలి. రుజువు చూపవలసిన భారం కొత్తగా వచ్చినవాడిది, పాతవాడిది కాదు. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు, అక్కడి సర్కారు భూమిని కూడా గిరిజనేతరులకు గనుల కోసం కౌలుకివ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. సలమంకాలో విటోరియా అడిగినది ఇదే: ముందునుండి ఉన్నవాడిని యజమానిగా ఎంచండి, కాదనేవాడు కారణం చూపాలి.

కర్ర ఉన్నవాడిదే బర్రె అనే సామెతను మనం నవ్వుతూ చెబుతాం. బర్రె పోగొట్టుకున్నవాడు మాత్రం నవ్వడు. మీ చేతిలో ఉన్న కాగితాలు న్యాయమైనవైతే దేవునికి కృతజ్ఞత చెప్పండి. వాటిలో ఏదైనా ఒక వేలిముద్ర భయం వల్లనో, ఆకలి వల్లనో, అప్పు వల్లనో పడిందని మీకు తెలిస్తే, ఆ ఇంటివారు ఇంకా ఆ ఊళ్లోనే ఉంటే, పాసుపుస్తకం చూపించి నిశ్చింతగా ఉండకండి. రిజిస్ట్రారు ఎదుట చెల్లిన కాగితం దేవుని ఎదుట కూడా చెల్లాలి. గడువు దాటిందని కోర్టు అనవచ్చు. నాబోతు విషయంలో దేవుడు గడువు అడగలేదు.